అసలా, కొసరా? పాత డిస్కో, సోల్, ఫంక్ రికార్డుల్లో ఒరిజినల్ కొనాలా, రీ-ఎడిట్ కొనాలా

మా బాబాయి కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు. కిందటేడాది కొత్తగా టర్న్‌టేబుల్ కొన్నాడు. నేను న్యూజెర్సీ నుంచి ఇంటికి బయల్దేరే ముందు వాట్సాప్‌లో రెండు రికార్డుల ఫోటో పంపాడు. ఒకదానికి రంగుల లేబుల్, కంపెనీ పేరు, నంబరు అన్నీ ఉన్నాయి. రెండోదానికి ఉత్త తెల్ల లేబుల్, దాని మీద రబ్బరు స్టాంపు ముద్ర, అంతే. "అన్నా, రెండూ ఒకే పాటంట. తెల్లదే రేటు ఎక్కువ. ఏది తెస్తావ్?" అని అడిగాడు.

వాయిస్ మెసేజ్‌లో చెబుదామని మొదలుపెట్టాను. ఏడు నిమిషాలైనా పూర్తి కాలేదు. ఇక లాభం లేదని ఇలా రాస్తున్నాను. ఇదే ప్రశ్న ఇంకా చాలామందికి ఉండే ఉంటుంది.

ముందు పేర్ల గందరగోళం తీరాలి. ఒరిజినల్, రీమిక్స్, రీ-ఎడిట్ అని మూడు మాటలు వినిపిస్తాయి. అమ్మేవాళ్ళు కూడా వీటిని కలగాపులగంగా వాడేస్తుంటారు. రీమిక్స్ చేసేవాడి చేతిలో మల్టీట్రాక్ టేపు ఉంటుంది. డ్రమ్స్ వేరు, బేస్ వేరు, వయొలిన్లు వేరు, గొంతు వేరు. అన్నం ఒక గిన్నెలో, పులుసు ఒక గిన్నెలో, తాలింపు ఒక గిన్నెలో ఉన్నట్టన్నమాట. ఎడిట్ చేసేవాడి దగ్గర ఉండేది కలిపేసిన పులిహోర. అందులోంచి పసుపు తీయలేడు. పల్లీలు ఎక్కువ పడ్డ చోటు చూసి, ఆ ముద్దే మళ్ళీ మళ్ళీ వడ్డించగలడు. నచ్చని మిరపకాయ పక్కన పెట్టగలడు. అచ్చయి బయటికి వచ్చేసిన పాటని ముక్కలు కోసి, వరస మార్చి, పొడిగించి అతికించడమే రీ-ఎడిట్.

మా ఊరి టూరింగ్ టాకీసులో సెకండ్ షోకి ఆపరేటర్ తనకి నచ్చని పాట లేపేసేవాడు. ఒకరకంగా అదీ ఎడిటే. కాకపోతే డీజేలకి కావలసింది దానికి ఉల్టా, నచ్చిన చోటు పొడుగవ్వాలి.

ఎందుకు కావలసి వచ్చిందంటే

70ల మొదట్లో అమెరికాలో పాట అంటే రేడియో కోసం తయారైన ఏడు అంగుళాల సింగిల్, అంటే ఒక్క పాట కోసం వేసే చిన్న రికార్డు. మూడు, మూడున్నర నిమిషాలు. జనం ఊపందుకునేసరికి పాట అయిపోతుంది. టామ్ మౌల్టన్ ఈ ఇబ్బందిని పట్టించుకుని పాటల్ని పొడిగించడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఆయన తన మిక్స్‌కి నమూనా రికార్డు కోయించుకోవడానికి వెళ్తే, మాస్టరింగ్ ఇంజనీరు (టేపు మీది పాటని రికార్డు గాడిగా కోసేవాడు) హోసే రోడ్రిగెజ్ దగ్గర ఏడు అంగుళాల ఖాళీ ప్లేట్లు అయిపోయాయట. పది అంగుళాల దాని మీదే కోశాడు. చోటు ఎక్కువ కాబట్టి గాడి విశాలంగా పరుచుకుంది, శబ్దం ఒక్కసారిగా పెద్దదైంది. పన్నెండు అంగుళాల సింగిల్ కథ అక్కడ మొదలైంది. 1976లో సాల్‌సోల్ కంపెనీ డబుల్ ఎక్స్‌పోజర్ బృందం పాట 'టెన్ పర్సెంట్'ని వాల్టర్ గిబ్బన్స్ అనే డీజే చేత తొమ్మిది నిమిషాలు దాటేలా చేయించి, పన్నెండు అంగుళాల మీద దుకాణాల్లో పెట్టింది. జనానికి అమ్మిన మొదటి పన్నెండు అంగుళాల సింగిల్‌గా దాన్నే చెబుతారు.

కంపెనీ పొడిగించని పాటల్ని డీజేలే ఇంట్లో పొడిగించుకున్నారు. రీల్ టేపు, బ్లేడు, అతికించే టేపు. ఈ పని ఎంత ఒళ్ళు వంచి చేయాలో ఒక లెక్క చెబుతాను. టేపు సెకనుకి 15 అంగుళాల వేగంతో నడుస్తుంది. పాట నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఉంటే ఒక్కో దెబ్బకి అర సెకను, అంటే ఏడున్నర అంగుళాల టేపు. నాలుగు దెబ్బల ఆవర్తనానికి 30 అంగుళాలు. ఎనిమిది ఆవర్తనాల డ్రమ్ముల ముక్క కావాలంటే 20 అడుగుల టేపు నేల మీద పరుచుకుంటుంది. రీళ్ళని చేత్తో ముందుకీ వెనక్కీ కదుపుతూ కిక్ డ్రమ్ ఎక్కడ మొదలవుతుందో (కాలితో వాయించే పెద్ద డ్రమ్ము, ఆ 'ధబ్' శబ్దం) చెవితో పట్టుకుని, పెన్సిల్‌తో గీత పెట్టి, ఏటవాలుగా కోసి అతికించాలి. వెంట్రుకంత తేడా వచ్చినా డాన్స్ ఫ్లోర్ మీద కాలు తడబడుతుంది. షికాగోలో రాన్ హార్డీ 80ల్లో మ్యూజిక్ బాక్స్ క్లబ్‌లో ఇలా కోసిన రీళ్ళనే నేరుగా వాయించేవాడు. న్యూయార్క్‌లో డానీ క్రివిట్ చేసినవి 'ఎడిట్స్ బై మిస్టర్ కె' అన్న పేరుతో ఇవాళ్టికీ ఏడు అంగుళాల రికార్డులుగా వస్తున్నాయి.

ఒకే పాట, మూడు రూపాలు

ఉదాహరణకి ఎమ్‌ఎఫ్‌ఎస్‌బీ బృందం 'లవ్ ఈజ్ ద మెసేజ్' తీసుకుందాం. ఫిలడెల్ఫియాలో సిగ్మా సౌండ్ స్టూడియో వాద్యకారులంతా కలిసిన పెద్ద బృందం అది. 1973 ఆల్బమ్‌లో ఈ పాట ఆరు నిమిషాల పైచిలుకు. తీగ వాద్యాలు, సాక్సఫోన్, గొంతులు, అన్నీ నిండుగా, పెళ్ళి మండపంలా ఉంటుంది. 1977లో టామ్ మౌల్టన్ 'ఫిలడెల్ఫియా క్లాసిక్స్' అనే సంకలనానికి దీన్ని మళ్ళీ మిక్స్ చేసి 11 నిమిషాలు దాటించాడు. అందులో రెండో సగంలో మండపం ఖాళీ అయి, డ్రమ్స్ మీద ఎలక్ట్రిక్ పియానో ఒక్కటే తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు సాగుతుంది. న్యూయార్క్ క్లబ్బుల వాళ్ళు ప్రాణం పెట్టింది ఆ భాగానికే. 80ల మొదట్లో డానీ క్రివిట్ చేసిన ఎడిట్, డీజేలు క్లబ్బుల్లో ఈ పాటని ఎలా వాయిస్తున్నారో ఆ తీరునే రికార్డు మీదికి ఎక్కించింది.

ఇంట్లో కుర్చీలో కూర్చుని వినేవాడికి 1973 ఆల్బమే సరైనది. పాటకి ఒక మొదలు, ఒక ముగింపు ఉన్నాయి. జనాన్ని ఆడించేవాడికి ఎడిట్ కావాలి. రెండూ కావాలనుకునే నాలాంటివాడికి మౌల్టన్ మిక్స్ చాలు. ఎందుకంటే అసలు టేపుల దగ్గర కూర్చుని చేసింది కాబట్టి ధ్వని చెక్కుచెదరలేదు, పొడుగూ వచ్చింది. నా మొదటి సలహా కూడా అదే. ఏ పాటకైనా ఆ కాలంలోనే కంపెనీ వేసిన పన్నెండు అంగుళాల పొడుగు రూపం ఉందేమో ముందు వెతకండి. ఉంటే తెల్ల లేబుల్ జోలికి వెళ్ళాల్సిన పని చాలాసార్లు ఉండదు. జనాదరణ పొందిన డిస్కో పాటల పన్నెండు అంగుళాలు అప్పట్లో లెక్కలేనన్ని అచ్చయ్యాయి. ఇక్కడి పాత రికార్డుల దుకాణాల్లో కొద్దిగా గీతలు పడ్డవి నాకు చాలాసార్లు పది డాలర్ల లోపే దొరికాయి. కొత్త ఎడిట్ రికార్డుకి పదిహేను, ఇరవై పెట్టాల్సి వస్తోంది.

మరి ఎడిట్ ఎప్పుడు కొనాలి? ఒరిజినల్ మిమ్మల్ని విసిగిస్తున్నప్పుడు. ఇది నా కొలబద్ద. పాటలో ఒక ఇరవై సెకన్ల చోటు ఉంటుంది. బేస్ ఒక్కటే మిగిలి, చప్పట్లు మొదలై, ఒంటి మీద రోమాలు లేచే చోటు. సరిగ్గా అప్పుడు గాయకుడు వచ్చి రసాభాస చేస్తాడు, లేదా పాట ఫేడ్ అయిపోతుంది. "అబ్బా, ఇంకొంచెం ఉంటే బాగుండేది" అని మీకు ఎన్నోసార్లు అనిపించి ఉండాలి. ఆ కోరిక తీర్చేదే మంచి ఎడిట్. ఒరిజినల్ వినకుండా ఎడిట్ కొంటే, ఎడిటర్ ఏం కోశాడో, ఎందుకు కోశాడో మీకు తెలియదు. అసలు కన్నా కొసరు ముద్దంటారు గానీ, అసలు రుచి తెలిసినవాడికే కొసరు ముద్దు.

ఫంక్ పాటల్లో ఈ అవసరం మరీ ఎక్కువ. చాలావాటికి పన్నెండు అంగుళాల రూపమే లేదు. మూడు నిమిషాల సింగిల్, రెండో వైపు 'పార్ట్ 2', అంతే. పాట మధ్యలో రికార్డు తిప్పుకోవాలి. రెండు భాగాల్నీ అతుకు తెలియకుండా కలిపిన ఎడిట్ దొరికితే నేను వెనకాడకుండా కొంటాను.

మంచి ఎడిట్, చెడ్డ ఎడిట్

చాలా ఎడిట్లు టీవీ సీరియల్లా జీడిపాకం సాగదీసినట్టు ఉంటాయి. ఒకే నాలుగు ఆవర్తనాలు రెండు నిమిషాలు తిప్పి, దాని మీద కంప్యూటర్ కిక్ డ్రమ్ ఒకటి బాది, 'ఎడిట్' అని స్టాంపు వేస్తారు. పొడుగు చూసి మోసపోవద్దు. కొనే ముందు ఆన్‌లైన్ శాంపిల్‌లో మూడు చోట్ల వినండి. మొదటి అర నిమిషంలో, అంతకుముందు పాటతో కలపడానికి శుభ్రమైన డ్రమ్స్ ఉన్నాయా? మధ్యలో పాట ఎక్కడికైనా వెళ్తోందా, ఉన్నచోటే తిరుగుతోందా? మూడోది, ఒరిజినల్‌లో మీకు నచ్చిన చోటు ఇందులో ఉందా? కొందరు ఎడిటర్లు ఆ చోటునే కోసి పారేస్తారు. వాళ్ళ అభిరుచి వాళ్ళది, డబ్బులు మనవి.

ఇంకో తేడా తాళం దగ్గర. ఆ కాలంలో డ్రమ్స్ వాయించింది మనుషులు. డిస్కో నడకకి ప్రాణం పోసిన ఫిలడెల్ఫియా డ్రమ్మర్ ఎర్ల్ యంగ్ హై-హ్యాట్ (డ్రమ్స్ పక్కన ఉండే జంట తాళాలు) వింటే తెలుస్తుంది, వేగం సన్నగా పెరుగుతూ తగ్గుతూ ఊపిరి పీలుస్తూ వదులుతున్నట్టు ఉంటుంది. రెండు రికార్డులు కలిపే డీజే ఆ ఊపిరిని చేత్తో వెంటాడుతూ పిచ్ (రికార్డు తిరిగే వేగం) సర్దుతుండాలి. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎమ్‌కే2 లాంటి టర్న్‌టేబుల్ మీద అందుకు ఎనిమిది శాతం అటూ ఇటూ వీలుంటుంది. నేటి ఎడిటర్లు కంప్యూటర్‌లో ప్రతి దెబ్బనీ సమానమైన కొలత గీతలకి కట్టేస్తారు. కొత్తగా మిక్సింగ్ నేర్చుకునేవాళ్ళకి అది వరమే, రెండు రికార్డులు కలిపితే చెదరవు. నాకు మాత్రం మరీ బిగించి కట్టిన ఎడిట్ వింటే, గజ్జెలు తీసేసి నాట్యం చేయించినట్టు ఉంటుంది. డెట్రాయిట్ డీజే థియో పారిష్ 2000ల మొదట్లో 'అగ్లీ ఎడిట్స్' పేరుతో వేసినవి ఇందుకు భిన్నం. గరుకుగా, మొండిగా ఉంటాయి. అందరికీ నచ్చవు. నాకు నచ్చుతాయి.

ఇప్పుడు నా చేతులు కాలిన సంగతి. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర ఒక సోల్ పాట ఎడిట్ కొన్నాను. చేతి ముద్ర లేబుల్, నంబరు వేసిన పరిమిత కాపీ, చూడ్డానికి ముచ్చటగా ఉంది. సూది పెట్టాను. బేస్ బాగానే ఉంది. హై-హ్యాట్ దగ్గర మాత్రం "టిస్, టిస్" అనాల్సింది నీళ్ళలోంచి వస్తున్నట్టు "శ్వీష్, శ్వీష్" అంటోంది. ఎక్కడో దించుకున్న ఎమ్‌పీ3 ఫైలుని కోసి వినైల్ మీద అచ్చేశారన్నమాట. వినైల్ ధర పెట్టి ఫోన్ ఫైలు కొనుక్కున్నట్టయింది. అప్పట్నుంచి ఏ శాంపిల్ విన్నా ముందు హై-హ్యాట్, చప్పట్లు, వయొలిన్ చివర్లు వింటాను. ఇంకొక గుర్తు కూడా ఉంది. ఎడిటర్ గీతలు పడ్డ పాత రికార్డు నుంచి ముక్క తీసుకుంటే, అందులో ఒక 'టిక్' శబ్దం ఉంటే, ఆ ముక్క తిరిగిన ప్రతిసారీ అదే చోట 'టిక్' మంటుంది. మామూలు గీత అయితే అలా తాళం తప్పకుండా పడదు. ఒకసారి పట్టుకున్నారంటే ఇక ఆ పాటలో అదొక్కటే వినిపిస్తుంది.

ఏడు అంగుళాలా, పన్నెండా?

ఒకే ఎడిట్ రెండు సైజుల్లోనూ దొరికితే, అలవాటు కొద్దీ చిన్నది కొనేస్తుంటారు. కొంచెం ఆగండి. గాడి సూది కింద ఎంత వేగంగా కదిలితే హై-హ్యాట్ లాంటి సన్నని శబ్దాలు అంత శుభ్రంగా వస్తాయి. నిమిషానికి 45 చుట్లు తిరిగే పన్నెండు అంగుళాల రికార్డు అంచు దగ్గర ఆ వేగం సెకనుకి సుమారు 69 సెంటీమీటర్లు. అదే 45 చుట్ల ఏడు అంగుళాల రికార్డు అంచు దగ్గర సుమారు 40, లోపలికి వెళ్ళేకొద్దీ 25కి పడిపోతుంది. అందుకే చిన్న రికార్డుల్లో పాట చివర్లో 'స', 'ష' అక్షరాలు చిరిగినట్టు వినిపిస్తుంటాయి. పైగా బేస్ ఎక్కువైతే గాడి వెడల్పుగా ఊగాలి, దానికి చోటు కావాలి. ఏడు అంగుళాల ఒక వైపున నాలుగు నిమిషాలు హాయిగా పడతాయి. ఆరు నిమిషాలు కుక్కితే శబ్దం చిన్నదైపోతుంది. ఏడు అంగుళాల ఎడిట్ మీద ఐదున్నర, ఆరు నిమిషాలు అని రాసి ఉంటే నేను పక్కన పెట్టేస్తాను.

మరి ఏడు అంగుళాలు ఎందుకు బతికున్నాయంటే, చేతికి సరదా, సంచిలో తేలిక. ఒక్కొక్కటి సుమారు 40 గ్రాములు. పన్నెండు అంగుళాలది అట్టతో కలిపి రెండు వందల గ్రాములు దాటుతుంది. ఇండియాకి పార్సెల్ తెప్పించుకునేవాళ్ళకి ఈ తేడా పోస్టేజీలో తెలుస్తుంది. ఒక్క రికార్డుకి పోస్టేజీ, డ్యూటీ కలిపితే రికార్డు ధరంత అవడం మామూలే. మాలో చాలామంది చేసే పని, బయటి నుంచి వచ్చేవాళ్ళ బ్యాక్‌ప్యాక్‌లో పెట్టి పంపడం. అటు నుంచి పచ్చళ్ళు, ఇటు నుంచి రికార్డులు. పెద్ద సూట్‌కేసులో మాత్రం వేయకండి, వంగిపోయి వస్తాయి.

పొట్టి ఎడిట్, చిన్న సంచి, పార్టీలో ఒక గంట వాయించడం, ఇవి మీ అవసరాలైతే ఏడు అంగుళాలే మేలు. ధ్వని ముఖ్యం, పాట ఆరు నిమిషాలు దాటుతుంది అంటే పన్నెండే. '180 గ్రాముల ప్రెస్సింగ్' అన్న మాటకి అదనంగా డబ్బులు పెట్టకండి. బరువు వల్ల పాట బాగుపడదు. మూలం ఏమిటి, ఎవరు మాస్టరింగ్ చేశారు అన్నదే చూడాలి.

మీ టర్న్‌టేబుల్ సంగతీ చూసుకోవాలి. పెట్టెలా మూసుకునే చవక ప్లేయర్ల మీద, గట్టి బేస్ కోసిన క్లబ్ ఎడిట్ పెడితే సూది ఎగిరిపడే అవకాశం ఎక్కువ. అలాంటి ప్లేయరే ఉంటే పాత ఒరిజినల్ సింగిల్స్, ఆల్బమ్‌లు కొనుక్కోండి, ఎడిట్ డబ్బులు మంచి టర్న్‌టేబుల్, కార్ట్రిడ్జ్ (సూది బిగించే ముక్క) కోసం దాచుకోండి.

డబ్బు ఎవరికి చేరుతుంది?

తెల్ల లేబుళ్ళలో చాలావాటికి అనుమతి ఉండదు. అంటే డ్రమ్స్ వాయించినవాడికి, పాట రాసినవాడికి పైసా వెళ్ళదు. 1969లో విన్‌స్టన్స్ బృందం వేసిన 'ఆమెన్, బ్రదర్'లో ఆరేడు సెకన్ల డ్రమ్ముల ముక్క వేలాది పాటల్లో వాడారు. అది వాయించిన గ్రెగరీ కోల్‌మన్‌కి దాని మీద రాయల్టీ అందలేదు. ఇది తెలిశాక అనుమతి లేని ఎడిట్లు అసలు కొననని నేను చెప్పలేను, నా బీరువాలో చాలానే ఉన్నాయి. కాకపోతే ఒకే పాటకి అనుమతితో వచ్చిన రూపం, దొంగ అచ్చు రెండూ ఉంటే మొదటిదే కొంటాను. దిమిత్రి ఫ్రమ్ ప్యారిస్, జాన్ మొరాలెస్ లాంటి డీజేలు కంపెనీల నుంచి అసలు మల్టీట్రాక్ టేపులు తీసుకుని చేసిన రీమిక్స్‌లు ఉన్నాయి. ఎడిట్‌లో దొరికే పొడుగు, ఒరిజినల్ ధ్వని రెండూ వాటిలో ఉంటాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి తెల్ల లేబుళ్ళ కంటే ఇవే మంచి దారి.

ఇందులో సొంత లాభం కూడా ఉంది. రికార్డులు కొనే, అమ్మే డిస్కాగ్స్ సైటులో అనధికార అచ్చుల వివరాలు ఉంచుతారు గానీ అమ్మకానికి ఒప్పుకోరు. ఇరవై డాలర్లు పెట్టి కొన్నది రేపు అమ్ముదామంటే అక్కడ కుదరదు. ఒరిజినల్ అయితే ఎప్పుడైనా అమ్ముకోవచ్చు. అక్కడ రికార్డు ఎంత బాగుందో చెప్పడానికి గ్రేడు రాస్తారు, కొనేటప్పుడు 'వీజీ ప్లస్'కి తక్కువ గ్రేడు తీసుకోకండి. 'వీజీ' అని రాసి ఉంటే పేరులో 'వెరీ గుడ్' ఉన్నా చిటపటలు తప్పవు.

మా తమ్ముడి దగ్గరికి వస్తే, వాడి ఫోటోలోని రంగుల లేబుల్ పాటకి అప్పట్లోనే కంపెనీ వేసిన పన్నెండు అంగుళాల పొడుగు రూపం ఉంది. అది ఎనిమిది డాలర్లకి దొరికింది, తెచ్చాను. తెల్లది శాంపిల్ విన్నాను, రెండో నిమిషంలోనే టిక్, టిక్ మొదలైంది, వదిలేశాను. మిగిలిన డబ్బుతో ఒక ఫంక్ సింగిల్ ఎడిట్, ఏడు అంగుళాలది, పట్టుకొచ్చాను. రెండు భాగాలూ కలిపిన నాలుగున్నర నిమిషాలు.

వాడు దాన్ని కవర్లోంచి తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అన్నా, మధ్యలో ఇంత పెద్ద బొక్కేంది? తిరగదు కదా ఇది!"

మన ఇళ్ళలో ఉండే పాత సినిమా ఈపీలకి మామూలుగా చిన్న రంధ్రమే. అమెరికా ఏడు అంగుళాల 45 చుట్ల రికార్డులకి మధ్యలో పెద్ద రంధ్రం ఉంటుంది, దానికో అడాప్టర్ కావాలి. కొన్ని టర్న్‌టేబుళ్ళతో పాటు వస్తుంది, పెట్టెలో మూలకి పడి ఉంటుంది, ఒకసారి వెతుక్కోండి. లేకపోతే ప్లాస్టిక్‌ది చాలా చవక. మేమైతే మరచిపోయాం. ఆ రాత్రి పన్నెండు అంగుళాలదే నాలుగుసార్లు పెట్టుకున్నాం.